అశోక్‌నగర్‌లో పిల్లల కోచింగ్: రైతు ఇంటి ఖర్చు తగ్గేదెలా?

గ్రూప్స్ పరీక్షలకని మన ఊళ్ల పిల్లలు ఎక్కువగా వెళ్లేది హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్ దగ్గరి అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలకే. పంట డబ్బు చేతికి రాకముందే ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కట్టాల్సి వస్తుంది. దాంతో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. రూ.50,000 తెస్తే నెలకు రూ.1,000, ఏడాదికి రూ.12,000 వడ్డీకే పోతుంది. నోటిఫికేషన్ ఆలస్యమైతే రెండో ఏడూ అంతే.

అప్పు చేసే ముందు ఫీజు లేని దారులు చూడండి. బీసీ, ఎస్సీ, ఎస్టీ స్టడీ సర్కిళ్లలో ఎంపికైనవారికి శిక్షణ ఉచితం. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీయించి పెట్టుకోండి. ప్రకటన వచ్చాక మీసేవకు పరుగెత్తితే గడువు దాటిపోతుంది. టీ-శాట్ నిపుణ ఛానల్‌లో పోటీ పరీక్షల పాఠాలు వస్తాయి. మొదటి కొన్ని నెలలు వీటితో ఊళ్లోనే చదివించడం మేలని నా అభిప్రాయం.

పంపక తప్పకపోతే, ప్రైవేటు రీడింగ్ హాలుకు నెలనెలా కట్టే ముందు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చూడమనండి. సీటు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నం జీహెచ్‌ఎంసీ రూ.5 భోజనం ఉంది, నామోషీ పడనక్కర్లేదు.

నలుగురు కలిసి గది తీసుకుని వండుకుంటే మీ పొలం బియ్యమే పంపవచ్చు. మనిషికి నెలకు 12 కిలోల లెక్కన ఏడాదికి 144 కిలోలు, అంటే 75 కిలోల వడ్ల బస్తాలు మూడు. కల్లంలోనే అన్నీ అమ్మేయకుండా ఆ మూడూ ఉంచుకోండి. బాగా ఎండబెట్టి వడ్లుగానే నిల్వ చేయండి. బియ్యానికైతే పురుగు త్వరగా పడుతుంది. రెండు నెలలకు సరిపడా మాత్రమే మర పట్టించి పంపండి.