ఓడలోళ్లు చెప్పిన రాణి, సోమన చెప్పిన జనం

మంట దగ్గరికి జరుగుర్రి బిడ్డా, ఇనుర్రి. ఓరుగల్లు ముచ్చటంటే అందరు కోటగోడల కాడ మొదలువెడ్తరు. నేను సముద్రం కాడికెల్లి చెప్త.

కాకతీయ రాజు గణపతిదేవుడు 1199ల ఓరుగల్లు గద్దెనెక్కిండు. అంతకుముందు గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకొస్తే రాజులు గుంజుకునేటోళ్లు. గది అన్యాయమని గాయన 1244-45ల మోటుపల్లి రేవుల అభయశాసనం ఏపిచ్చిండు. సుంకం తప్ప మీ సొమ్ము ముట్టం, భయం లేకుంట రాండ్రి అని బేహారులకు మాటిచ్చిండు. గసొంటి దినాలల్ల పరదేశి సరుకుకు అభయమిచ్చుడు చిన్న ముచ్చట కాదు.

వెనీసు మనిషి మార్కోపోలో చీనాల కుబ్లై ఖాన్ కొలువుల చాన ఏండ్లుండి, 1290 దాటినంక ఓడ మీద ఇంటికి మర్లుకుంట మన ముచ్చట రాసుకున్నడు. రేవు పేరు మీదనే మన రాజ్యాన్ని ముత్ఫిలి అన్నడు. ఇక్కడి నూలుబట్ట సాలీడు గూడంత సన్నమన్నడు, వజ్రాలు దొరుకుతయన్నడు, ఒక రాణి న్యాయంగ ఏలుతున్నదన్నడు. రాజు సచ్చిపోతే పెండ్లాం గద్దెనెక్కిందని రాసిండు గని, గది తప్పు. రుద్రమ గణపతిదేవుని బిడ్డ. 1262ల రాజ్యం చేతికి తీసుకున్నది. గాయన ఓడ ఇటు రాకముందే, 1289ల, ఆమె పోయిందని నల్లగొండ దిక్కు చందుపట్ల రాతిశాసనం చెప్తది. సచ్చిపోయినంక గూడ ఓడలోళ్లు ఆమె పాలన గురించి చెప్పుకున్నరంటే, ఎట్ల ఏలిందో మీరే ఆలోచన చేయుర్రి.

గా సిరి ఎక్కడిదంటే, చెరువులది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటల చెరువుతోని పాటు 1213ల రామప్ప గుడి కట్టించిండు. చూరు కింద నల్లరాతి మదనికలను సూడుర్రి. ఒకామె కాళ్లకు ఎత్తు మడిమల చెప్పులుంటయి. శిఖరానికి వాడిన ఇటుక ముక్క నీళ్లల్ల ఏస్తే తేల్తది. 2021ల యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వమన్నది.

ఇగ కవి పాలకుర్తి సోమన ముచ్చట వేరే. మన జనగామ మట్టి మనిషి. కన్నడ దేశంల, కల్యాణంల, 12వ శతాబ్దంల బసవడు చెప్పిన శివభక్తిని తెలుగు పల్లెలకు తెచ్చిండు. పండితులు మెచ్చాలెనని కాదు, పాడుకునేటోళ్లకు అందాలెనని ద్విపదల రాసిండు. బసవపురాణంల మడివాలు మాచయ్య చాకలి. బెజ్జ మహాదేవి అయితే, శివునికి తల్లి లేదు పాపం అని ఏడ్చి, తనే తల్లయి నూనె రాసి తానం చేపిస్తది, పాలు తాపుతది. మా నాయినమ్మ ఈ కత చెప్తే మా కండ్లల్ల నీళ్లు తిరిగేటియి. 1369ల భీమకవి ఆ పురాణాన్ని కన్నడంలకు తీసుకపోయిండు. అక్కడి బసవని కత మన తెలుగుల పురాణమై, మళ్ల అక్కడికే పోయింది సూడుర్రి! సోమన తన ఇంకో కావ్యం పండితారాధ్య చరిత్రల శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేటోళ్ల ఆటలు, పాటలు, మొక్కులు అన్నీ రాసిండు. మానుకోట దిక్కు కురవి వీరన్న జాతరకు పోయినోళ్లకు గా జనం కొత్తగ అనిపియ్యరు. పోలో రాణిని, వజ్రాలను రాసిండు. చాకలిని, ముసలి యాత్రికున్ని రాసినోడు మన సోమన. నాకైతే సోమననే పెద్ద.

1323ల ఢిల్లీ దండుతోని ఉలుగ్ ఖాన్ వచ్చి ఓరుగల్లు పట్టిండు. అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రున్ని పట్టుకొని తీసుకపోతాంటే నర్మద ఒడ్డున పాణం ఇడిసిండు. గా ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయిండు.

రాజ్యం పోయినా, భూపాలపల్లి దిక్కు గణపురంల గణపతిదేవుని కాలపు కోటగుళ్లున్నయి. ఒక్క ప్రాకారం లోపల ఇరవైకి పైగా కట్టడాలు. కూలినయి కూలినట్టే ఉన్నయి. రామప్ప చూసి ఫోటోలు దిగి మర్లిపోతున్నరు జనం. మీరు గట్ల చేయకుర్రి. గణపురం దాక పోయి సూసి రాండ్రి, మీ పిల్లలను గూడ తీసుకపోండ్రి.