సొంత కోర్టు మీద గెలుపు

భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడింది. ఈ ఏడున్నర దశాబ్దాల చరిత్రలో బెంగళూరు వాటా ఎంత అని అడిగితే 2017 జూలై 29న మొదలుపెట్టాలి. ఆ రోజు అక్కడి కంఠీరవ ఇండోర్ స్టేడియంలో అనితా పాల్‌దురై నాయకత్వంలో మన మహిళలు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి ఆసియా కప్ ‘బి’ డివిజన్ గెలిచారు. రెండే పాయింట్ల తేడా కాబట్టి అదృష్టం కలిసొచ్చిందనిపించవచ్చు. కానీ అదే ఏడాది అక్టోబరులో 16 ఏళ్లలోపు అమ్మాయిలు, మరుసటి ఏడాది 18 ఏళ్లలోపు అమ్మాయిలు ఇదే నగరంలో తమ తమ ‘బి’ డివిజన్లు గెలిచారు. అదృష్టం ఒకే ఊళ్లో వరుసగా మూడుసార్లు తలుపు తట్టదు. పోటీలను మన గడ్డ మీద జరిపించడం కేవలం ఆతిథ్యం కాదు, జట్టును తయారుచేసే పని కూడా అని ఈ మూడు గెలుపులూ చెబుతున్నాయి.

‘బి’ డివిజన్ అంటే రెండో మెట్టే కదా అని కొందరంటారు. నిజమే. ఆ 2017లోనే పై డివిజన్ ఫైనల్లో జపాన్, ఆస్ట్రేలియా తలపడ్డాయి. జపాన్ 74-73తో గెలిచింది. ఆ స్థాయికీ మనకూ చాలా దూరం. 2019లో పై డివిజన్లో, అదే కంఠీరవలో, మన ప్రేక్షకుల ముందే, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచాం. సొంత కోర్టు ఉంటే చాలదని దీంతో తేలిపోయింది. అయితే సొంత కోర్టు దండగ అని మాత్రం తేలలేదు. రెండో మెట్టు దాటించింది అదే. అక్కణ్నుంచి పైకి లాగాల్సింది ఏడాది పొడవునా సాగే పోటీ. అప్పట్లో మన మహిళల జట్టుకు కోచ్‌గా ఉన్న సెర్బియా దేశస్థుడు జోరన్ విసిచ్ ఎంత సానపెట్టినా, శిక్షణ శిబిరం లీగ్‌కు సాటి రాదు.

ఆ లోటు కాలేజీలే తీర్చాలని నా వాదన. అసలు ఈ ఆట పుట్టిందే విద్యాలయంలో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు రెండు వ్యాయామశాల బాల్కనీకి బిగించి, 13 నియమాలు రాసి తరగతి విద్యార్థుల చేత ఆడించాడు. ఏడాదిన్నర తిరగకముందే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అమ్మాయిలను ఆడించింది. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించిన హ్యారీ క్రో బక్ కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివినవాడే. అయినా మన దగ్గర మంచి క్రీడాకారిణికి నీడనిచ్చింది ఎక్కువగా రైల్వే ఉద్యోగమే. 2021లో పద్మశ్రీ అందుకున్న అనిత కూడా దక్షిణ రైల్వే ఉద్యోగిని. ఆ ఉద్యోగమే లేకపోతే ఎందరో ఆట మానేసేవారు, ఆ మేలు మరువరానిది. కానీ ఉద్యోగం దొరికేది ఆట పండాక. పండేదాకా సాకవలసింది కాలేజీయే. చదువు పాడవుతుందన్న భయానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: సాధన వేళలను టైంటేబుల్లోనే చేర్చితే ఆటకూ చదువుకూ పోటీయే ఉండదు.

1997 జాతీయ క్రీడల కోసం కట్టిన ఇండోర్ స్టేడియం మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పక్కనే, కోరమంగలలో ఉంది. అయినా రోజూ ఆడాల్సిన చోటు కాలేజీయే. మన లేఅవుట్ ఏడు సెక్టార్లలోని తెలుగు తల్లిదండ్రులకు ఒక విన్నపం. అమ్మాయిని కాలేజీలో చేర్చే రోజున ఫీజు సంగతితో పాటు ఇంకో మాట కూడా అడగండి: బాస్కెట్‌బాల్ కోర్టు సాయంత్రం ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుంది?