టెరిటోరియల్ ఆర్మీ సభ్యుల పౌర ఉద్యోగ హక్కులు – యజమానుల బాధ్యతలు

పిలుపు అందిన వెంటనే తమ ఉద్యోగ, వ్యాపారాలను విడిచి సైనిక విధులలో చేరి, ఆ కర్తవ్యం ముగిసిన పిమ్మట తిరిగి తమ వృత్తులకు మరలే పౌరులతో కూడినది టెరిటోరియల్ ఆర్మీ. ఇది ఇతర ఆదాయ మార్గం కలిగిన పౌరులు స్వచ్ఛందంగా అందించే సేవయే గాని పూర్తికాలపు ఉద్యోగం కాదు. కావున, సైనిక విధులకు వెళ్లిన వ్యక్తి తిరిగి వచ్చునప్పటికి ఆయన పౌర ఉద్యోగం పదిలంగా ఉండడమన్నది ఈ వ్యవస్థకే ఆయువుపట్టు వంటిది. ఈ విషయమై చట్టంలో పొందుపరచిన నిబంధనలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇచ్చట వివరించడమైనది.

నేపథ్యం

టెరిటోరియల్ ఆర్మీ చట్టం 1948లో రూపొందింది. భారతదేశపు తొలి భారతీయ గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి 1949 అక్టోబరు 9న ఈ దళాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఆ తేదీని ఏటా టెరిటోరియల్ ఆర్మీ దినోత్సవంగా జరుపుకొంటున్నారు. 1962, 1965, 1971 సంవత్సరాల యుద్ధాలలో ఈ దళం పాలుపంచుకొన్నది. పదాతి బెటాలియన్లతో పాటు, బంజరు భూములలో మొక్కలు నాటి అడవులను పునరుద్ధరించే పర్యావరణ బెటాలియన్లు కూడా ఇందులో ఉన్నాయి. తెలుగు ప్రాంతానికి సంబంధించినంత వరకు, సికింద్రాబాద్ కేంద్రంగా 125వ పదాతి బెటాలియన్ ఉన్నది.

2025 మే నెలలో కేంద్ర రక్షణ మంత్రిత్వ శాఖ, 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ నియమావళిలోని 33వ నియమం క్రింద, ఈ దళంలోని ప్రతి అధికారిని, ప్రతి సైనికుని అవసరాన్ని బట్టి విధులకు పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి కల్పించింది. 32 పదాతి బెటాలియన్లకు గాను 14 బెటాలియన్లను విధులలో నియోగించుటకు ఆ ఉత్తర్వు వీలు కల్పించింది. 2025 ఫిబ్రవరి 10 నుండి 2028 ఫిబ్రవరి 9 వరకు వర్తించేలా అది జారీ అయినది. ఈ ఉత్తర్వు దరిమిలా, సభ్యుల ఉద్యోగ రక్షణ గురించి యజమానులు, శాఖాధిపతులు తెలుసుకొనవలసిన ఆవశ్యకత పెరిగింది.

ఏ సేవకు ఈ రక్షణ?

చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం సభ్యులు మూడు సందర్భాలలో సైనిక సేవ చేయవలసి ఉంటుంది. పౌర యంత్రాంగానికి తోడ్పడుటకు లేక ముఖ్యమైన చోట్ల కాపలా నిమిత్తం పిలిచినప్పుడు. శిక్షణ కోసం లేక సాధారణ సైన్యానికి అండగా సమీకరించినప్పుడు. సాధారణ సైన్యపు దళానికి జతపరచినప్పుడు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకించి ఉత్తర్వు ఇచ్చిననే తప్ప దేశ సరిహద్దులు దాటి సేవ చేయవలసిన పని లేదు.

తిరిగి ఉద్యోగంలోకి

7-ఎ సెక్షన్ ప్రకారం, 7వ సెక్షన్ క్రింద సైనిక సేవకు వెళ్లిన ఉద్యోగిని, సేవ ముగిసిన పిమ్మట తిరిగి ఉద్యోగంలోకి తీసుకొనుట ప్రతి యజమాని విధి. మధ్యలో విరామం రాకుండా ఉన్నట్లయితే ఆ ఉద్యోగికి ఏ హోదా, ఏ షరతులు వర్తించేవో, వాటికి తగ్గని రీతిలో తీసుకొనవలెను. అనగా, వెళ్లిన నాటి స్థానం మాత్రమే గాక, ఈలోగా సహజంగా లభించి ఉండే మెరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది.

యజమాని నిరాకరించినా, తనకు ఆ బాధ్యత లేదన్నా, తిరిగి తీసుకొనుట ఆచరణ సాధ్యం కాదన్నా, ఉభయులలో ఎవరైనా విషయాన్ని నిర్దేశిత అధికారికి నివేదించవచ్చును. ఆ అధికారి విచారణ జరిపి ఈ క్రింది మూడింటిలో ఒక ఉత్తర్వు ఇస్తారు.

1. యజమానికి ఈ బాధ్యత నుండి మినహాయింపు.
2. తగిన షరతులపై ఉద్యోగిని తిరిగి తీసుకోవలసిందిగా ఆదేశం.
3. తిరిగి తీసుకోనందుకు, చివరి వేతనం రేటున ఆరు నెలల మొత్తానికి మించని నష్టపరిహారం.

ఉత్తర్వును పాటించని యజమానికి వేయి రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని చట్టం పేర్కొన్నది. జరిమానా స్వల్పమే అయినను, పరిహారానికి ఆదేశం అప్పటికే లేనట్లయితే, ఆరు నెలల వేతనానికి సమానమైన మొత్తాన్ని ఉద్యోగికి చెల్లించవలసిందిగా న్యాయస్థానం ఆదేశించవలసి ఉంటుంది. ఆ మొత్తాన్ని జరిమానా వలెనే వసూలు చేయవచ్చును.

ముందుగానే తొలగించినచో

సేవకు వెళ్లకముందే, ఈ బాధ్యతను తప్పించుకొనే ఉద్దేశంతో ఉద్యోగిని తొలగించినా యజమానికి విముక్తి లేదు. సైనిక సేవకు ఉత్తర్వు వెలువడిన తరువాత తొలగింపు జరిగినట్లయితే, దురుద్దేశం ఉన్నట్లుగానే చట్టం భావిస్తుంది. అది లేదని నిరూపించుకొనే భారం యజమానిదే.

రెండు నెలల గడువు

సభ్యులు ముఖ్యంగా గుర్తుంచుకొనవలసిన అంశమిది. సేవ ముగిసిన రెండు నెలలలోగా తిరిగి ఉద్యోగం కోరుతూ దరఖాస్తు చేసుకోనట్లయితే, ఆ విషయాన్నే యజమాని తన సమర్థనగా చూపవచ్చును. ఉదాహరణకు, జూన్ 30న సేవ ముగిసిన వ్యక్తి ఆగస్టు 30లోగా దరఖాస్తు చేసుకొనవలెను. దరఖాస్తును లిఖితపూర్వకంగా అందజేసి, అందినట్లు రసీదు పొందుట శ్రేయస్కరం.

భవిష్య నిధి, ఇతర ప్రయోజనాలు

7-బి సెక్షన్ ప్రకారం, ఉద్యోగికి భవిష్య నిధి, పదవీ విరమణ నిధి, తదితర సంక్షేమ పథకాలలో ఉన్న హక్కులు సైనిక సేవా కాలంలోను, తిరిగి చేరినచో చేరే వరకును, నియమావళిలో నిర్దేశించిన మేరకు కొనసాగుతాయి.

యజమానుల సహకారం

చట్టం నిర్దేశించినది కనీస బాధ్యత మాత్రమే. పిలుపు అందిన ఉద్యోగి ఉత్తర్వు ప్రతిని సర్వీసు రికార్డులో చేర్చుట, తాత్కాలిక ఏర్పాటును తాత్కాలికంగానే ఉంచుట, సేవ ముగియు తేదీని ముందుగా తెలుసుకొని స్థానం సిద్ధపరచుట వంటి చర్యలతో వివాదాలకు తావు లేకుండా చూడవచ్చును. శిబిరం నుండి తిరిగి వచ్చే ఉద్యోగి క్రమశిక్షణ, నాయకత్వ అనుభవం సంస్థకు కూడా ఉపకరిస్తాయి.

పాత్రికేయులకు సూచన

2011లో మహేంద్ర సింగ్ ధోనికి లభించిన లెఫ్టినెంట్ కల్నల్ హోదా గౌరవ హోదా. 2012లో సచిన్ పైలట్, 2016లో అనురాగ్ ఠాకూర్ ఎంపిక ప్రక్రియ ద్వారా అధికారులుగా నియమితులైనారు. ఈ రెండింటికి గల భేదాన్ని వార్తా రచనలో పాటించవలసిందిగా కోరడమైనది. అదే విధంగా, సాధారణ సైన్యం నుండి పదవీ విరమణ చేసిన మాజీ సైనికుల పునరావాస పథకాలు వేరు, ఇచ్చట వివరించిన హక్కులు వేరు అన్న సంగతిని కూడా గమనించగలరు.