వేరే ఖాతా పుట్టిన కథ

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే రెండు నెలల అడ్వాన్సు ఇస్తాం. బెంగళూరులో పది నెలల అద్దె ముందే కట్టి తాళంచెవి తీసుకున్నవాళ్లు మనలో ఎంతోమంది. ఆ డబ్బు ఓనరు ఎక్కడ పెట్టాడని మనం అడగం. కూతురి పెళ్లికి వాడాడో, మేడ మీద ఇంకో అంతస్తు వేశాడో మనకు తెలియదు. ఖాళీ చేసే రోజున రంగులకని కొంత కోసుకుని మిగిలింది చేతిలో పెడితే చాలనుకుంటాం. ఆ ఇచ్చేది కూడా చాలాసార్లు మన తర్వాత దిగేవాళ్ల అడ్వాన్సే.

ఈ అలవాటుతోనే మన పిల్లలు జర్మనీలో దిగుతున్నారు. 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికి అక్కడ భారతీయ విద్యార్థుల సంఖ్య 49 వేలు దాటింది. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. వాళ్లలో ఆహెన్‌లోనో, మాగ్డెబుర్గ్‌లోనో గది వెతుక్కుంటున్న తెలుగు పిల్లలు తక్కువేం కాదు. ఎన్నో మెయిళ్లు పెట్టాక ఒక గది ఖాయమవుతుంది. అద్దె కాగితం చేతికొస్తుంది. అందులో ‘కౌట్సియోన్’ (డిపాజిట్) అనే మాట, పక్కన ఒక అంకె. ఎక్కడ గది చేజారిపోతుందోనన్న భయంతో ఆ రాత్రే ఓనరు చెప్పిన ఖాతాకు డబ్బు పంపేస్తారు. అది ఏ ఖాతా అని అడగాలని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ప్రశ్న అడిగే హక్కు అద్దెకుండేవాళ్ల చేతికి రావడానికి జర్మనీలో చాలా ఏళ్లు పట్టింది.

జర్మన్ పౌర స్మృతి 1900 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో ఇళ్ల అద్దె గురించి చాలానే ఉంది కానీ, డిపాజిట్ ఎంత ఉండాలి, ఎక్కడ దాచాలి అన్నది లేదు. కాగితంలో ఓనరు ఏది రాస్తే అదే చెల్లేది. 1960 తర్వాత అద్దెల మీద పాత నియంత్రణలు సడలుతూ వచ్చి, ఎవరికి వారు రాసుకునే ఒప్పందాలు పెరిగాయి. వాటితోపాటే ఒక తగవూ మొదలైంది. డిపాజిట్ ఏళ్ల తరబడి ఓనరు దగ్గర ఉంటుంది. దాని మీద వచ్చే వడ్డీ ఎవరిది? కాగితంలో ఆ ఊసే లేకపోతే ఒక కోర్టు ఇవ్వాలనేది, ఇంకో కోర్టు అక్కర్లేదనేది.

1982 జులై 8న జర్మనీ అత్యున్నత న్యాయస్థానం (కార్ల్స్‌రూహెలోని బీజీహెచ్) ఈ తగవు తేల్చింది. ఒప్పందంలో రాయకపోయినా సరే, పొదుపు ఖాతాకు వచ్చేపాటి వడ్డీని ఓనరు అద్దెదారుకు ఇవ్వాలంది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. వడ్డీ అద్దెదారుదైతే అసలు కూడా అతనిదేనని ఒప్పుకున్నట్టే కదా. ఓనరు దాన్ని దాచిపెట్టే మనిషి మాత్రమే.

ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం మారి హెల్ముట్ కోల్ ఛాన్సలర్ అయ్యారు. డిసెంబర్ 20న అద్దె ఇళ్ల సంఖ్య పెంచే చట్టం వచ్చింది. ఏటేటా ముందే రాసుకున్నట్టు అద్దె పెంచుకునే వీలు ఓనర్లకు ఇచ్చిన చట్టం అది. అదే చట్టం పౌర స్మృతిలో 550బి అనే కొత్త సెక్షన్ చేర్చి అద్దెదారుల డిపాజిట్‌కు కంచె కట్టింది. అది 1983 జనవరి 1న అమల్లోకి వచ్చింది. డిపాజిట్ మూడు నెలల అద్దె మించకూడదు. మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు. తీసుకున్న సొమ్మును ఓనరు ‘తన ఆస్తి నుంచి వేరుగా’ బ్యాంకులో వేయాలి. వడ్డీ అద్దెదారుదే. నాలుగు ముక్కల్లో ఉన్న ఆ నియమంలో ‘వేరుగా’ అన్న మాటే ప్రాణం. ఇప్పుడది 551వ సెక్షన్. అద్దెదారుకు నష్టం చేసేలా ఒప్పందంలో వేరేలా రాసుకుంటే ఆ రాత చెల్లదు.

వాయిదాల సంగతి చిన్నదనిపిస్తుంది. మన విద్యార్థి లెక్క చూస్తే చిన్నది కాదని తెలుస్తుంది. 2024 సెప్టెంబర్ నుంచి వీసా కోసం, నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాల్సిన మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. చేతికొచ్చేది నెలకు 992. ఒక గదికి కోల్డ్ రెంట్ 400, హీటింగ్, నీళ్లు వగైరా కలిపి వార్మ్ రెంట్ 520 అనుకుందాం. డిపాజిట్‌ను లెక్కగట్టేది కోల్డ్ రెంట్ మీదే, అంటే గరిష్ఠంగా 1,200. గంపగుత్తగా అడిగితే మొదటి నెలలో అద్దెతో కలిపి 1,720 యూరోలు కావాలి. చట్టం చెప్పినట్టు వాయిదాల్లో కడితే మొదటి నెల 400, అద్దె 520, మొత్తం 920. మిగిలేది 72 యూరోలు. నెలంతా ఆ 72తో గడవడం కష్టమే, కానీ ఇంటికి ఫోన్ చేసి అప్పు అడగక్కర్లేదు. మొదటి వాయిదా అద్దె మొదలైన రోజున కట్టాలి, మిగతా రెండూ తర్వాతి నెలల అద్దెతోపాటు. ఒకేసారి కట్టాలని కాగితంలో రాసి ఉన్నా ఈ హక్కు పోదు. వార్మ్ రెంట్ మీద లెక్కగట్టి ఎక్కువ వసూలు చేస్తే ఆ పైమొత్తం తిరిగి అడగొచ్చు. మూడేళ్లు దాటిపోనివ్వకూడదు, అంతే.

వేరుగా ఉంచమన్నారు సరే, ఉంచకపోతే ఏమవుతుంది? దీనికి జవాబు ఒక్కో తీర్పుతో వచ్చింది.

ఇళ్ల డిపాజిట్లను సొంతానికి వాడుకున్న ఓనరు విషయంలో 1995లో బీజీహెచ్ క్రిమినల్ విభాగం గట్టిగా మాట్లాడింది. చట్టం ఓనరును ఆ సొమ్ముకు కాపలాదారును చేసింది కాబట్టి, కాపలాదారే తినేస్తే అది నమ్మకద్రోహ నేరమంది. ఆ నేరానికి ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. దుకాణాలకూ ఆఫీసులకూ మాత్రం ఈ రక్షణ దానంతటది రాదని 2008లో చెప్పింది. ఇల్లంటే మనిషి తలదాచుకునే చోటు కాబట్టి చట్టం అక్కడ ఒక మెట్టు ఎక్కువ నిలబడింది.

ఇల్లు మధ్యలో అమ్ముడుపోతే డిపాజిట్ ఎవరిస్తారన్నది ఇంకో చిక్కు. ‘పాతాయన నాకేమీ ఇవ్వలేదు’ అని కొన్నవాడు చేతులు దులుపుకొనే వీలు అంతకుముందు ఉండేది. హెర్టా డాయ్‌బ్లర్-గ్మెలిన్ న్యాయ మంత్రిగా ఉండగా వచ్చిన అద్దె చట్ట సంస్కరణ 2001 సెప్టెంబర్ 1న ఆ దారి మూసేసింది. పాత ఓనరు అప్పగించినా అప్పగించకపోయినా డిపాజిట్ తిరిగిచ్చే బాధ్యత కొన్నవాడిదే. అతని దగ్గర రాబట్టలేకపోతే పాత ఓనరునూ పట్టుకోవచ్చు.

అసలు గండం ఓనరు దివాలా తీసినప్పుడు వస్తుంది. 2007 డిసెంబర్ 20న వచ్చిన తీర్పు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఓనరు డిపాజిట్‌ను వేరుగా పెట్టలేదు, దివాలా తీశాడు. ఇది నా సొమ్ము, పక్కకు తీసి ఇవ్వండని అద్దెదారు అడిగాడు. కుదరదంది కోర్టు. వేరే ఖాతాలో ఉండి ఉంటే అది అద్దెదారు సొత్తుగా బయటికొచ్చేది. ఓనరు డబ్బులో పాలూ నీళ్లలా కలిసిపోయాక అద్దెదారు కూడా అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సిందే. వచ్చేది రూపాయికి ఎన్ని పైసలో ఎవరూ చెప్పలేరు. తప్పు చేసింది ఓనరు, పోయింది అద్దెదారు డబ్బు. నియమం ఉంటే సరిపోదని, దాన్ని అమలు చేయించే పట్టు అద్దెదారు చేతిలో ఉండాలని ఈ తీర్పు చూపించింది.

ఆ పట్టు తర్వాతి మూడేళ్లలో దొరికింది. డిపాజిట్ వేరుగా పెట్టినట్టు చూపించకపోతే, ఆ మొత్తం మేరకు నెల అద్దె ఆపి ఉంచవచ్చని 2009 సెప్టెంబర్‌లో బీజీహెచ్ చెప్పింది. 2010 అక్టోబర్ 13న ఇంకా ముందుకెళ్లింది. ఆ కేసులో అద్దెదారులు, దివాలా వచ్చినా చెక్కుచెదరని ప్రత్యేక ఖాతా చెప్పండి, అప్పుడే డిపాజిట్ కడతామన్నారు. ఓనరు ఖాతా చెప్పకుండా ఇల్లు ఖాళీ చేయమన్నాడు. కోర్టు అద్దెదారుల పక్షాన నిలిచింది. ముందు ఖాతా చెప్పాలి, తర్వాతే డబ్బు. మన పిల్లలు ఆ రాత్రి అడగకుండా వదిలేసే ప్రశ్న ఇదే.

ఖాతా ఎలా ఉండాలన్నదీ తెలిసి ఉండాలి. ఓనరు తన పేరు మీద ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిస్తే చాలదు. అది అద్దె డిపాజిట్ ఖాతా అని బ్యాంకు రికార్డులోనే కనిపించాలి. లేకపోతే ఓనరు బాకీల కింద బ్యాంకే దాన్ని జమ చేసుకోగలదు. నాకు నచ్చే పద్ధతి మరొకటుంది. అద్దెదారే తన పేరున ఒక పాస్‌బుక్కు ఖాతా తెరిచి, డబ్బు వేసి, దాన్ని ఓనరుకు తాకట్టు పెట్టినట్టు బ్యాంకు ఫారం నింపుతాడు. పుస్తకం ఓనరు సొరుగులో ఉంటుంది. డబ్బు మాత్రం మొదటి పేజీలో ఉన్న పేరుది. ఓనరు రేపు దివాలా తీసినా ఆ పేరు మారదు.

ఇంగ్లండ్ వేరే దారి పట్టింది. అక్కడ 2007 ఏప్రిల్ నుంచి ఓనరు డిపాజిట్‌ను ప్రభుత్వ గుర్తింపు ఉన్న పథకంలో నమోదు చేయాలి. చేయకపోతే డిపాజిట్‌కు మూడింతల దాకా అద్దెదారుకు చెల్లించాల్సి రావచ్చు. జర్మనీలో అలాంటి పథకమూ లేదు, మూడింతల పరిహారమూ లేదు. అడగనివాడికి ఎవరూ గుర్తుచేయరు. ఈ ఒక్క విషయంలో నాకు ఇంగ్లండ్ పద్ధతే మేలనిపిస్తుంది. మన దేశంలో 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదంది. ఎంత తీసుకోవాలన్న దగ్గరే మన ఆలోచన ఆగింది. ఎక్కడ దాచాలన్న ప్రశ్న మనం కూడా వేసుకోవాలి.

జర్మనీలో ఉన్న మన పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు రెండు మాటలు. అద్దె ఆపే హక్కు ఉంది కదా అని ఒక్కసారిగా ఆపేయకండి. ముందు గడువు పెట్టి లిఖితపూర్వకంగా అడగండి. మీ ఊళ్లోని అద్దెదారుల సంఘం, మీటర్‌ఫెరైన్‌లో సభ్యత్వం తీసుకుని సలహా అడిగాకే ఆపండి. తప్పుగా ఆపి రెండు నెలల బాకీ పడితే ఇల్లే పోవచ్చు. ఎలాగూ ఖాళీ చేస్తున్నాం, చివరి నెలల అద్దె డిపాజిట్‌లో కోసుకోమనడం కూడా చెల్లదు. ఖాళీ చేసే రోజున ఓనరుతో కలిసి గది గదీ తిరగండి. గోడ మీద గీత, మీటరు అంకె, అప్పగించిన తాళంచెవుల సంఖ్య కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. పాడైన వాటికి డబ్బు అడగాలంటే ఓనరుకు ఇల్లు తిరిగి అందిన నాటి నుంచి ఆరు నెలలే గడువు. ఆ గడువు దాటాక కూడా డిపాజిట్‌లోంచి ఆ నష్టం మినహాయించుకునే వీలుందని 2024 జులైలో బీజీహెచ్ చెప్పింది కాబట్టి, ఆ సంతకాల కాగితం పారేయకండి. ఇంటి అద్దె తగవు ఎంత మొత్తానిదైనా వెళ్లేది స్థానిక కోర్టుకే. అక్కడ వకీలు లేకుండా కూడా వాదించుకోవచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ఈ వారమే ఓనరుకు ఒక ఉత్తరం రాయండి. నా డిపాజిట్ ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో, ఏ పేరుతో ఉంది, రుజువు పంపండి అని. ఓనరు నిలదొక్కుకుని ఉన్నప్పుడే రాయండి. అతను దివాలా తీశాక, వేరుగా పెట్టలేదన్న కారణంతో అద్దె ఆపే హక్కు కూడా ఉండదని అదే బీజీహెచ్ 2012 డిసెంబర్‌లో తేల్చింది.