తఖ్తీ మీద రాసిన తర్బియత్



సెలవుల్లో పిల్లల్ని ఖుష్‌ఖతీ నేర్చుకోవడానికి పంపమని ఎవరితోనైనా చెప్పి చూడండి. "దాంతో ఏమొస్తుంది భాయ్? ఈ రోజుల్లో చేత్తో రాసేదెవరు? ఆ టైమ్‌లో మ్యాథ్స్ ట్యూషన్‌కి పంపితే పనికొస్తుంది" అంటారు. అలా అడిగే అమ్మీ అబ్బాలని నేను తప్పుపట్టను. ఫీజులు కట్టేది వాళ్లు, పిల్లల రోజీ గురించి ఫికర్ పడేదీ వాళ్లే. కాబట్టి ఆ సవాల్‌కి సరైన జవాబ్ ఇవ్వాల్సిందే. నేనైతే ఆ జవాబ్‌ని తారీఖ్‌లో వెతుకుతాను. వెయ్యేళ్లకు పైగా మన మిల్లత్ పిల్లలకి అక్షరాన్ని అందంగా రాయడం నేర్పింది. నేర్చుకున్న పిల్లలందరూ కాతిబ్‌లు కాలేదు. ఎక్కువమంది దుకాణాల్లో, పొలాల్లో, కచేరీల్లో, ఇళ్లలో బతుకు గడిపారు. అయినా నేర్పించారు. ఎందుకని?

మొదట మదీనాకి వెళదాం. హిజ్రీ 2వ సంవత్సరం, అంటే 624లో బద్ర్ జంగ్ జరిగింది. ఖురైష్ ఖైదీల్లో ఫిదియా కట్టలేని వాళ్లున్నారు. వాళ్లలో రాయడం వచ్చినవాళ్లు మదీనా పిల్లలకి, ఒక్కొక్కరు పదిమందికి చొప్పున, రాత నేర్పితే విడుదల చేస్తామన్నారు మన హుజూర్ (స.అ.). సీరత్ కితాబుల్లో ఈ వాకయా ఉంది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి.) అలా నేర్చుకున్న పిల్లల్లో ఒకరని రివాయత్. తర్వాత ఆయనే వహీ రాసే కాతిబ్ అయ్యారు. ఖుర్ఆన్‌ని ఒక్కచోట చేర్చే భారీ జిమ్మేదారీని హజ్రత్ అబూబక్ర్ (రజి.) ఆయన భుజాల మీదే పెట్టారు.

నిన్నటిదాకా కత్తి పట్టి ఎదురొచ్చిన మనిషి ఇవాళ మన పిల్లలకి ఉస్తాద్. బస్తీ అంతా పేదరికంలో ఉన్న రోజుల్లో, చేతికి రావలసిన సొమ్ముకి బదులు రాతని తీసుకున్నారు. ఆడపిల్లల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లా (రజి.) అనే సహాబియా, ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా (రజి.)కి రాయడం నేర్పారని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. ఒక ఔరత్ ఇంకో ఔరత్‌కి రాత నేర్పడం మన తొలి తరంలోనే జరిగింది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఇక రాత ఫన్‌గా ఎలా మారిందో చూద్దాం. బగ్దాద్‌లో ఇబ్నె ముఖ్లా అనే వజీర్ ఉండేవాడు. అబ్బాసీ ఖలీఫాల దర్బార్ రాజకీయాల్లో చిక్కుకుని, కుడి చేయి నరికించుకుని, 940లో ఖైదులోనే చనిపోయాడు. ఆయన పేరు నిలబెట్టింది వజారత్ కాదు, నుఖ్తా. కలాన్ని కాగితం మీద ఆన్చి కొద్దిగా లాగితే వంకర చతురస్రంలా ఒక చుక్క పడుతుంది. అదే కొలబద్ద. అలిఫ్ ఎంత పొడవు ఉండాలి, బే ఎంత వెడల్పు ఉండాలి, నూన్ కడుపు ఎంత లోతు ఉండాలి అనేవన్నీ ఆ నుఖ్తాలతోనే లెక్కిస్తారు. నస్తాలీఖ్‌లో అలిఫ్‌కి మూడు నుఖ్తాలు, సులుస్‌లో ఏడు అని ఉస్తాద్‌లు చెబుతారు.

ఇందులో ఒక కమాల్ ఉంది. నుఖ్తా సైజు కలం మూతిని బట్టి ఉంటుంది. నా కలం సన్నగా ఉంటే నా నుఖ్తా చిన్నది, నా అలిఫ్ కూడా చిన్నదే. మీ కలం లావుగా ఉంటే మీ అలిఫ్ పెద్దది. రెండూ సరైనవే. పక్కపిల్లాడి అలిఫ్ కంటే నాది పొడుగా పొట్టా అని చూసుకునే పనే లేదు. నా అలిఫ్‌ని నా నుఖ్తాతోనే కొలవాలి. మార్కులు, ర్యాంకులు, ఫలానా వాళ్లబ్బాయికి ఎన్నొచ్చాయి అనే లెక్కల మధ్య పెరుగుతున్న మన పిల్లలకి ఈ ఒక్క సబఖ్ దొరికినా చాలనిపిస్తుంది నాకు.

బగ్దాద్ నుంచి ఈ ఫన్ ఊరూరి మక్తబ్‌లకి చేరింది. హిందుస్తాన్‌లో దాని సామాను తఖ్తీ. నేను ఉర్దూ మీడియం బడిలో చేరేనాటికి పలకలు, నోటుబుక్కులు వచ్చేశాయి. తఖ్తీ గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్నదే ఎక్కువ. పిడి ఉన్న చెక్కపలక అది. పొద్దున్నే దాన్ని కడిగి, ముల్తానీ మట్టి పూసి, ఎండలో ఆరబెట్టాలి. తొందరపడి తడి మీద రాస్తే సియాహీ పాకిపోతుంది. దీపం మసిలో గోందు కలిపి చేసిన సియాహీ దవాత్‌లో ఉంటుంది. కలం ఎక్కువ సియాహీ పీల్చుకోకుండా దవాత్‌లో కొంచెం నూలు పీచో పట్టు పీచో వేస్తారు. రెల్లు కలాన్ని చాకుతో చెక్కి, మూతిని ఏటవాలుగా కోస్తారు. ఆ కోతని 'ఖత్' అంటారు. ఖత్ సరిగా లేకపోతే ఎంత హుషారైన చేయి అయినా వంకర రాత రాస్తుంది.

అంటే ఒక్క అక్షరం కూడా రాయకముందే పిల్లాడు కడగడం, పూయడం, ఆరేదాకా ఆగడం, పదును పెట్టుకోవడం నేర్చుకునేవాడు. ఆ తర్వాత ముఫ్రదాత్, అంటే విడి అక్షరాలు. ఒక్కో అక్షరం మీద రోజుల తరబడి మష్ఖ్. అది కుదిరాకే ముందు రెండక్షరాల జోడీలు, ఆ పైన మురక్కబాత్, అంటే కూడిన అక్షరాలు. సాయంత్రానికి తఖ్తీ నిండిపోతుంది. మర్నాడు పొద్దున కడిగేయాలి. బాగా వచ్చిన రాతా పోతుంది, చెడిపోయిన రాతా పోతుంది. నిన్నటి గర్వం మిగలదు, నిన్నటి షరమ్ కూడా మిగలదు. సబ్ర్ గురించి పిల్లలకి ఎన్ని నసీహత్‌లు చెప్పినా తలకెక్కవు. ఇక్కడ సబ్ర్ అనే మాట ఎవరూ పలకకుండానే రోజూ చేతికి అలవాటయ్యేది.

రెండో సబఖ్ ఇస్లాహ్. షాగిర్ద్ రాసి తెస్తాడు, ఉస్తాద్ పక్కనే సరైన రూపం రాసి చూపిస్తాడు. తుర్కీ ఉస్మానీల కాలంలో ఇస్లాహ్‌ని ఎర్ర సియాహీతో చేసేవాళ్లు. ఏ వంపు ఎన్ని నుఖ్తాలు తప్పిందో గుర్తు పెట్టేవాళ్లు. "నీకు రాదు" అనే ఫైసలా కాదది, "ఇక్కడ అర నుఖ్తా ఎక్కువైంది" అనే లెక్క. తప్పు మనిషిలో లేదు, గీతలో ఉంది. దిద్దుకోవచ్చు. అలా ఏళ్లు గడిచాక ఉస్తాద్ ఇజాజత్ ఇస్తాడు. అప్పటిదాకా షాగిర్ద్ తన రాత కింద సొంత పేరు పెట్టుకోడు. బగ్దాద్‌లో 1178లో వఫాత్ అయిన షుహ్దా ఈ దారిలోనే పేరు తెచ్చుకుంది. గొప్ప ఖత్తాత్, పైగా ముహద్దిసా. ఆమె దగ్గర హదీసు వినడానికి మగ ఆలిమ్‌లు కూడా వచ్చేవాళ్లు. 'అల్ కాతిబా' అన్న పేరుతోనే తారీఖ్ ఆమెని గుర్తు పెట్టుకుంది.

ఇదంతా బంగారు కాలమని మాత్రం అనుకోకండి. మక్తబ్‌లో బెత్తం ఉండేది. భయంతో పారిపోయిన పిల్లలూ ఉన్నారు. అంతకంటే పెద్ద జుల్మ్ ఒకటి జరిగింది. షరీఫ్ ఖాన్‌దాన్‌లు అనుకునే ఎన్నో ఇళ్లలో ఆడపిల్లలకి ఖుర్ఆన్ చదవడం నేర్పారు గానీ, రాయడం నేర్పలేదు. రాత వస్తే ఎవరికైనా ఖత్ రాస్తుందని డర్. హజ్రత్ హఫ్సా (రజి.) కథ ఆ ఇళ్లలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ గోడని ఒంటరిగా దాటిన అమ్మాయి బీబీ అష్రఫ్. అసలు పేరు అష్రఫున్నిసా బేగం. 1840లో ఉత్తరాదిన బిజ్నోర్ దగ్గర పుట్టింది. ఇంటి పెద్దలు రాత నేర్పనివ్వలేదు. ఆమె రొట్టెలు కాల్చే తవా కింది మసి గీకి, నీళ్లలో కలిపి సియాహీ చేసుకుంది. చీపురు పుల్లని కలం చేసుకుంది. చూసి రాసి, రాసి చూసి, ఎవరికీ తెలియకుండా నేర్చుకుంది. సంగతి బయటపడ్డాక ఇంట్లో ఆడవాళ్లే తమ ఖత్‌లు రాసిపెట్టమని ఆమె దగ్గరికి వచ్చారు. భర్త పోయాక ఆ రాతే ఆమెకి ఆసరా అయ్యింది. లాహోర్‌లో ఆడపిల్లల బడిలో ఉస్తానీగా పనిచేసింది. 1899లో తహ్జీబె నిస్వాఁ పత్రికలో తన కథ తానే రాసుకుంది. రాత నేర్చుకుంటే ఏమొస్తుందని అడిగేవాళ్లకి నేను ముందు ఈమె పేరే చెబుతాను.

ఇక రోజీ సంగతి. ఉర్దూ నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా, మెలికలు తిరుగుతూ ఉంటుంది. సీసపు అచ్చు అక్షరాలకి అది లొంగలేదు. అందుకే 19వ శతాబ్దం నుంచి ఉర్దూ ప్రింటింగ్ ఎక్కువగా రాతి అచ్చు మీద నడిచింది. కాతిబ్ కాగితం మీద రాస్తే, దాన్ని రాయి మీదకి ఎక్కించేవాళ్లు. రాయి మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి కదా, అక్కడ తప్పులు దిద్దడానికి సంగ్‌సాజ్ అనే ఇంకో హునర్‌మంద్ ఉండేవాడు, అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయగలిగేవాడు. 1858లో లఖ్‌నవూలో మున్షీ నవల్ కిషోర్ పెట్టిన ప్రెస్ ఇలాగే వేలాది కితాబులు వేసింది. యజమాని హిందువు. ఆ ప్రెస్‌లో ఖుర్ఆన్ కూడా అచ్చయ్యింది.

మన హైదరాబాద్‌లో ఉర్దూ అఖ్బార్లు కూడా చాలాకాలం కాతిబ్‌ల చేతి మీదే నిలబడ్డాయి. 1949లో మొదలైన సియాసత్ లాంటి పత్రికల్లో ప్రతి ఖబర్ ముందు ఒక మనిషి చేతిలోంచి వచ్చేది. సహాఫీగా నేను ఆ కాతిబ్‌లని తలచుకుంటే గౌరవంతో పాటు కాస్త భయం కూడా వేస్తుంది. ఇంకొకరి మాటని ఒక్క నుఖ్తా మార్చకుండా రాయడం అమానత్. 'ఖుదా' మీద నుఖ్తా కిందికి జారితే 'జుదా' అవుతుంది. పై చుక్క, కింది చుక్క, అంతే తేడా. తనకి నచ్చని అభిప్రాయాన్ని కూడా కాతిబ్ అంతే శ్రద్ధగా, అంతే అందంగా రాయాలి. ఇవాళ వాట్సాప్‌లో వచ్చినదాన్ని చదవకుండానే ముందుకి తోసేసే మనకి ఆ అమానత్ ఎంత దూరమైందో చూడండి.

ఆ రోజీ పోయింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ తయారు చేశారు. వేలాది అక్షరాల జోడీల్ని కంప్యూటర్‌కి ఎక్కించారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. ఏళ్ల తరబడి మష్ఖ్ చేసిన చేతులు కొద్దికాలంలోనే ఖాళీ అయ్యాయి. చెన్నైలో 1927లో మొదలైన ది ముసల్మాన్ అఖ్బార్ మాత్రం కంప్యూటర్ల జమానాలోనూ కాతిబ్‌ల చేతి రాతతోనే వచ్చింది. ఆ కాతిబ్‌లలో ఔరతులూ ఉన్నారు. హైదరాబాద్‌లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ లాంటి సంస్థలు ఖత్తాతీని కూడా నేర్పి ఆ తీగ తెగిపోకుండా చూశాయి.

రోజీ పోయాక మిగిలేదేమిటి? నా జవాబ్ ఇదే: మొదటినుంచీ ఎక్కువమంది పిల్లలకి అందినది రోజీ కాదు. ఆగడం, కొలుచుకోవడం, దిద్దించుకోవడం, కడిగేసి మళ్లీ మొదలుపెట్టడం, ఇంకొకరి మాటని అమానత్‌గా మోయడం. ఇవి ఏ కంప్యూటర్ లాక్కోలేదు. వీటిని మనమే వదిలేసుకుంటున్నాం.

ఇంకో నష్టం కూడా ఉంది. మన ఇళ్లలో పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతారు. దాదా రాసిన ఖత్‌లు, నానీ నికాహ్‌నామా ట్రంకు పెట్టెలో ఉంటాయి, ఇంట్లో చదివేవాళ్లు ఉండరు. ఖబ్రస్తాన్‌లో ముత్తాత కత్బా ముందు ఫాతిహా చదివిన పిల్లాడు ఆ రాతి మీద ఏం రాసుందో చెప్పలేడు. నేను తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, తెలుగులోనే రాసి బతుకుతున్నాను. తెలుగు మన జబానే. కానీ ఒక జబాన్ నేర్చుకోవడానికి ఇంకోదాన్ని మరచిపోవాల్సిన పని లేదు.

పెద్ద ఇదారా కట్టక్కర్లేదు. మహల్లా మస్జిద్ హాలులోనో, ఎవరి ఇంటి వరండాలోనో, ఇత్వార్ పూట ఒక గంట చాలు. రెల్లు కలం, సియాహీ, కాగితం పెద్ద ఖర్చు కాదు. బెత్తం వద్దు. ఆడపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. పిల్లలతో పాటు అమ్మీలు కూడా కూర్చుంటే ఇంకా మంచిది. మీ బస్తీలో పాత కాతిబ్ సాబ్ ఎవరైనా మిగిలి ఉంటే, వెళ్లి సలాం చేసి అడగండి. అదే గంటలో తెలుగు అక్షరాలూ దిద్దించండి, తలకట్టుకీ కొమ్ముకీ కూడా కొలత ఉంది. నెల తిరిగాక ట్రంకు పెట్టెలోంచి దాదా ఖత్ ఒకటి తీసి పిల్లల ముందు పెట్టండి. ఒక్క వాక్యం చదవగలిగినా చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.