రేఖాప్రాధాన్యము: కోటిలింగాల నాణెములు, కూనపులివారి పటములు

తెలుగున ‘వ్రాయు’ ధాతువు అక్షరమునకును బొమ్మకును సమానముగ జెల్లును. కమ్మ వ్రాసెననియు, గోడపై చిత్తరువు వ్రాసెననియు బూర్వులు భేదము లేక వాడిరి. సంస్కృతమునను నిట్టిదే స్థితి. ధాతుపాఠము లిఖధాతువునకు అక్షరవిన్యాస మర్థముగ జెప్పినను, ఆలేఖ్యశబ్దము చిత్రమునందు రూఢమైనది. రలలకు భేదము లేదను న్యాయమున లేఖయే రేఖ యగును. కావున చిత్రమున గీతకు గల స్థానమును విచారించువారు లిపిని విడువరాదు.

ఇందులకు మంచి సాక్ష్యము నేటి జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలమున, పెద్దవాగు గోదావరిలో గలియుచోట నున్న కోటిలింగాల. 1979 మొదలు పురావస్తుశాఖవా రిచట త్రవ్వకములు జరిపిరి. శాతవాహన వంశమూలపురుషుడగు చిముకుని నాణెములును, అతనికి బూర్వులుగ దలపబడు గోబద, నారన, కంవాయ, సమగోపుల నాణెములును ఇచట దొరకినవి. చిముకుని నాణెమున నొకవైపు ఏనుగు, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము. అచ్చు చెక్కువాడు ఏనుగు వీపు వంపును, బ్రాహ్మీ అక్షరపు కొనను నొకే లోహమున, కుడియెడమలు మార్చి చెక్కవలెను. ఇది గీత గాదు, ఉబ్బు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే, కాని యుబ్బునకు హద్దు గీతయే. రంగు సాయము లేనిచోట రేఖ యొక్కటియే రూపమును నిలిపినది.

విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము, చిత్రగుణములలో నొక్కొక్క దానిని నొక్కొక్కరు మెచ్చుదురని చెప్పుచు, ఆచార్యుల మెప్పును రేఖకే యిచ్చినది. దీనిని బట్టి కొందఱు రేఖ శిష్టులసొత్తనియు, రంగు పామరులదనియు విభజించి, మన జానపదపటములను వట్టి రంగుపనిగ నెంచుచున్నారు. పటము తయారగు క్రమము నెఱుగక చేసిన విభాగమిది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు పద్మశాలీల నెలవులు. వారికి మార్కండేయుని, భావనాఋషి కథలను పటము చూపి చెప్పువారు కూనపులివారు. ఇట్టి పటములు వ్రాయు నకాషీలలో నేడు ప్రసిద్ధులు సిద్దిపేట జిల్లా చేర్యాలవారు. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు గలిపి పూయుదురు. అది యారిన పిమ్మట కుంచెతోనే తొలిరేఖ వ్రాసి, వెనుకతలమంతయు నెఱుపు నింపి, దేహములకును వస్త్రములకును రంగులు వేయుదురు. ఆ రంగుల క్రింద తొలిరేఖ చాలవఱకు మఱుగుపడును. కడపట నల్లరంగుతో మఱల రేఖ వ్రాయుదురు. కన్ను, ముక్కు, వ్రేళ్లు, నగలు స్ఫుటమగునది యప్పుడే. స్థాని తొలగినచోట ఆదేశము నిలిచి స్థానివలె బనిచేయుట వైయాకరణులకు గ్రొత్త గాదు. (ఈ పోలికను మిక్కిలి లాగరాదు, నకాషీకి మలిరేఖలో దిద్దుకొను స్వేచ్ఛ కలదు, ఆదేశమున కది లేదు.)

శ్రీకాళహస్తి కలంకారిలో క్రమము వేఱు. పాలు, కరక్కాయ గలిపిన ద్రవమున దడిపి యారవేసిన గుడ్డపై చింతబొగ్గుతో గీసి, వెదురుకలముతో కసీము పట్టింతురు. ఇనుపముక్కలు, బెల్లము నీట నానబెట్టి పులియించిన ద్రవమే కసీము. కరక్కాయ పసరుతో గలసి యది నలుపగును. ఆ నలుపు తుడిచినను బోదు. అచట స్థిరరేఖ ముందు, రంగు వెనుక. చేర్యాలలో రంగు ముందు, స్థిరరేఖ వెనుక. రెండింటను రేఖ లేక రూపము తేలదు.

చేర్యాల గీత లావుగనుండుటకు గారణము మోటుదనము గాదు. 3 అడుగుల వెడల్పున 40 అడుగులకు మించిన పటములు గలవు. దూరమున గూర్చున్న జనమునకు ఎఱ్ఱని నేలనుండి పాత్ర వేఱుపడి కనబడవలెను. ఇప్పుడు కథకులకొఱకు గాక, ఇండ్లగోడల యలంకారమునకై చిన్నపటములే యెక్కువగ వ్రాయబడుచున్నవి. సభకై పుట్టిన గీతను జేతిలో బట్టుకొని చూచి తీర్పు చెప్పుట న్యాయముగాదు. కూనపులివారి పాతపటములను బరిశీలించువారు రంగు రాలినచోట్లను ముందుగ జూడవలెను. మఱుగుపడిన తొలిరేఖ బయటపడునది యచటనే.