జామియా ఉస్మానియా: ఉస్తాద్ లేని జబాన్

తార్నాక దగ్గర ఎంఎంటీఎస్ రైలు ఆగే చిన్న స్టేషన్ ఒకటుంది. దాని పేరు జామియా ఉస్మానియా. జామియా అంటే విశ్వవిద్యాలయం. క్యాంపస్‌లో ఇప్పుడు ఎవరూ ఆ పేరు వాడరు. అందరికీ అది ఓయూనే. పాత పేరు రైలు స్టేషన్‌కి మిగిలింది.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. "నువ్వేంటి, తెలుగేంటి?" అని రెండు వైపులా అడిగారు. అడగనిది మా లెక్కల ఉస్తాద్ ఒక్కరే. ఆయన బోర్డు మీద త్రిభుజం గీసి "ముసల్లస్" అనేవారు, కోణాన్ని "జావియా" అనేవారు. ఆ పక్కనే "బజార్లో దీన్ని త్రిభుజం అంటారు, కాలేజీలో ట్రయాంగిల్ అంటారు, మూడూ రాసుకోండి బేటా" అనేవారు. మాకు ఒక్క మాటకు మూడు మాటలు మెహనత్‌గా తోచేది. ఆ మెహనత్ ముందు ఆయన చేసిందని తర్వాత తెలిసింది.

ఈ జామియా తారీఖ్ చదివితే అదే కనిపిస్తుంది. 1917లో అక్బర్ హైదరీ నిజాముకు ఒక అర్జీ పెట్టారు. పరాయి భాషలో చదివే పిల్లవాడి బలమంతా బట్టీ పట్టడానికే పోతుంది, ఆలోచించడానికి మిగలదన్నది అందులోని సారాంశం. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1919లో అద్దె భవనంలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. 225 మంది విద్యార్థులు, 25 మంది ఉస్తాద్‌లు. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంది. కానీ చరిత్ర, లెక్కలు, సైన్సు, తర్వాత వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. దేశంలో ఇంగ్లీషు కాని భాషలో ఇంత పైచదువు చెప్పిన ఆధునిక యూనివర్సిటీ అప్పటికి లేదు.

ఫర్మానాతో యూనివర్సిటీ వస్తుంది, పాఠం రాదు. పాఠానికి పుస్తకాలు కావాలి. అందుకే తరగతుల కంటే ముందే దారుత్తర్జుమా, అంటే అనువాద విభాగం, పుట్టింది. దాన్ని నడిపించిన మౌల్వీ అబ్దుల్ హఖ్ అంతకుముందు బడిలో హెడ్‌మాస్టర్‌గా, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసినవారు. పిల్లవాడికి ఏ మాట దగ్గర ఊపిరి ఆగుతుందో తెలిసిన మనిషి. ముసల్లస్, జావియా లాంటివి అరబీలో పాతవే. కొత్త సైన్సుకు మాత్రం కొత్త మాటలు కావాలి. ఆలిములు, సైన్సు తెలిసినవాళ్లు ఒకేచోట కూర్చుని ఒక్కో మాట మీద బహస్ చేసేవాళ్లు. ఉర్దూ ప్రొఫెసర్ వహీదుద్దీన్ సలీమ్ మాటలు ఎలా తయారు చేయాలన్న దాని మీదే ఒక కితాబ్ రాశారు. వందల పుస్తకాలు అలా వచ్చాయి.

ఫలితం? రజీయుద్దీన్ సిద్దీఖీని చూడండి. ఉస్మానియాలో ఉర్దూలో లెక్కలు చదివి కేంబ్రిడ్జ్ వెళ్లారు, అక్కడినుంచి జర్మనీలో హైజెన్‌బర్గ్ దగ్గరికి వెళ్లారు. తిరిగొచ్చి ఇదే జామియాలో లెక్కల ఉస్తాద్ అయ్యారు. ఉర్దూలో చదివితే దునియా మూసుకుపోతుందన్నవాళ్లకు జవాబు ఆయనే. వచ్చిన చోటికే పాఠం చెప్పడానికి తిరిగి రావడం నాకు ఇంకా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మావాళ్లు సంతోషిస్తారు. కానీ సగం నిజం చెప్పి ఆపడం ఇన్సాఫ్ కాదు.

హైదరీ సాబ్ దలీల్ నిజమే. ఆ దలీల్ ఎవరి పిల్లల కోసం? ఆనాటి హైదరాబాద్ రియాసత్‌లో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మరాఠీ, కన్నడ వాళ్లూ లక్షల్లో ఉన్నారు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు. పరాయి భాష బరువు గురించి అంత బాగా రాసిన సర్కారే నల్లగొండ పిల్లవాడి నెత్తిన ఇంకో బరువు పెట్టింది. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు బడి పెడితే, దాని గుర్తింపు కోసం పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం వైపు చూడాల్సి వచ్చింది. ఇంటి పక్కన జామియా ఉండగా పుణె దాకా! ఈ మాట ఉర్దూ మీడియంలో చదివిన నేను చెప్పకపోతే ఎవరు చెప్పాలి?

ఆ బరువును కూడా కొందరు ఉస్తాద్‌లే తేలిక చేశారు. ఉర్దూ జామియాలోనే తెలుగు శాఖ ఉండేది. అక్కడ రాయప్రోలు సుబ్బారావు పాఠం చెప్పారు. హనుమాజీపేట నుంచి వచ్చిన సి. నారాయణరెడ్డి బీఏ దాకా ఉర్దూ మీడియమే. తర్వాత తెలుగు ఎంఏ చేసి, అదే శాఖలో ప్రొఫెసర్ అయ్యారు. తెలుగులో గజల్ రాశారు, 1988 జ్ఞానపీఠ్ అందుకున్నారు. "నువ్వేంటి, తెలుగేంటి?" అన్నవాళ్లకు నేను సినారె పేరు చెప్పేవాణ్ణి. తర్వాత ఎవరూ అడగలేదు.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. ఆ వెంటనే బోధన ఇంగ్లీషులోకి మారింది. గమనించండి, తెలుగులోకి కాదు, ఇంగ్లీషులోకి. దారుత్తర్జుమా మూతపడింది. ముప్పై ఏళ్లుగా ఉర్దూలో చెప్పిన ఉస్తాద్ ఒకరోజు క్లాసులో నిలబడి, అదే పాఠం వేరే జబాన్‌లో మొదలుపెట్టాల్సి వచ్చిందంటే ఆయన గొంతు ఎలా ఉండి ఉంటుంది? ఎదురుగా ఉన్న షాగిర్ద్ సంగతేంటి? హుకుం ఇచ్చినవాళ్లు ఈ ఇద్దరినీ అడగలేదు. మొదటిసారి ఉర్దూ పెట్టినప్పుడూ అడగలేదు.

తెలుగులో పైచదువు పుస్తకాల కోసం తెలుగు అకాడమీ వచ్చేసరికి 1968. దారుత్తర్జుమా మూతపడి ఇరవై ఏళ్లు కావస్తోంది. మాటలు తయారు చేసే హునర్ ఈ ఊళ్లోనే ఉండేది. అది ఉర్దూ వాళ్లదని పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఉర్దూ యూనివర్సిటీ కావాలంటే 1998 దాకా ఆగాం, గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ పేరు మీద వచ్చింది.

ఇప్పుడు మీడియం గురించి బహస్ మళ్లీ జోరుగా నడుస్తోంది. ఇంగ్లీషా, తెలుగా, ఉర్దూనా? మా బస్తీలో తల్లిదండ్రులు ఇంగ్లీషు అంటారు, వాళ్లది తప్పనలేను. నౌకరీ అక్కడుంది. కానీ నా సవాల్ ఒకటే: ఆ పిల్లవాడికీ ఆ భాషకీ మధ్య నిలబడే ఉస్తాద్ ఎవరు? ఆయనకు శిక్షణ ఎవరిస్తారు? ఆయన చేతికి పుస్తకం ఎవరిస్తారు? 1917లో ముందు పుస్తకాలు రాసేవాళ్లను కూర్చోబెట్టి, తర్వాత క్లాసు తెరిచారు. మనం ముందు బోర్డు మారుస్తాం, తర్వాత ఉస్తాద్‌ను వెతుకుతాం.

మా లెక్కల ఉస్తాద్ ఇప్పుడు లేరు. నా పాత నోట్‌బుక్ ఒకటి అమ్మీ దాచింది. అందులో ఒక త్రిభుజం, దాని పక్కన మూడు లిపుల్లో మూడు పేర్లు. మూడింటి కిందా ఆయన ఎర్ర సిరా టిక్కు ఉంది.